పుట్టుకతో వచ్చిన బుద్ధి: కోడిపిల్లల ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 1, గోరంట్ల, గుంటూరు

ఈ సాయంత్రం ఆరు గంటలకు పన్నెండు నాటుకోడి గుడ్లను పొదుగుపెట్టెలో పెట్టాను. చేపలు రవాణా చేసే థర్మోకోల్ పెట్టెనే పొదుగుపెట్టెగా మార్చుకున్నాను. లోపల 40 వాట్ల బల్బు, పాత కంప్యూటర్ నుంచి ఊడదీసిన ఫ్యాను, 37.5 డిగ్రీల దగ్గర బల్బును ఆర్పి వెలిగించే థర్మోస్టాట్, తేమ కోసం నీళ్ల గిన్నె ఉన్నాయి. రోజుకు ఐదుసార్లు గుడ్లను తిప్పాలి కాబట్టి, ఏది తిప్పానో తెలియడానికి ప్రతి గుడ్డుకూ ఒకవైపు సున్నా, మరోవైపు ఇంటూ గుర్తు పెన్సిలుతో వేశాను.

ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే నేను ఈ పనికి ఎందుకు పూనుకున్నానో మొదటి రోజే రాసి పెట్టుకోవాలి. జంతువుల ప్రవర్తన గురించి అడిగితే మా పిల్లలు కాగితం మీద నిలువు గీత గీసి, ఒకవైపు సహజాతం (పుట్టుకతో వచ్చేది), మరోవైపు అభ్యసనం (నేర్చుకునేది) అని రాసి, సాలెగూడును ఇటు, సర్కసు ఏనుగును అటు సర్దేస్తారు. మన ఇళ్లలో "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అన్న నోటితోనే "మొక్కై వంగనిది మానై వంగునా" అని కూడా అంటారు, ఆ రెండు మాటలకూ పొత్తు ఎక్కడ కుదురుతుందో మాత్రం ఎవరూ అడగరు. జీవపరిణామం జంతువుకు ప్రవర్తనను తయారుచేసి చేతిలో పెట్టదనీ, ఏది, ఎవరి దగ్గర, ఏ వయసులో తేలికగా నేర్చుకోవాలో మాత్రమే నిర్ణయిస్తుందనీ నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకం కళ్లెదుట నిలుస్తుందో లేదో చూడాలని ఈ ప్రయత్నం.

ఫిబ్రవరి 8

ఏడో రోజు. రాత్రి గది చీకటి చేసి, సెల్‌ఫోన్ లైటు మీద గుడ్లను ఒక్కొక్కటిగా పెట్టి చూశాం. పది గుడ్లలో సాలీడు కాళ్లలా అల్లుకున్న ఎర్రటి నాళాలు, మధ్యలో కదులుతున్న చుక్క కనిపించాయి. రెండు గుడ్లు ఖాళీగా, పసుపుపచ్చగా మెరిశాయి. వాటిని తీసేశాను.

పక్కింటి మామ్మగారు వచ్చి పెట్టె చూసి, "ఇంత తంటా ఎందుకమ్మా, నా పెట్ట పొదుగుడు మీదే ఉంది, దాని కింద పెట్టేస్తే అదే చూసుకునేది కదా" అన్నారు. ఆమె పెట్ట నాటుది కాబట్టి పొదుగుతుంది. గుడ్ల కోసం పెంచే వైట్ లెగ్‌హార్న్ కోళ్లలో చాలావాటికి అసలు పొదగాలనే బుద్ధే పుట్టదు, ఎందుకంటే పొదిగే కోడి ఆ రోజుల్లో గుడ్లు పెట్టడం మానేస్తుంది, పెంపకందారులు తరతరాలుగా అలాంటి కోళ్లను పక్కన పెట్టి మిగతావాటితోనే పిల్లలను తీయించారు. తల్లితనం అంత లోతైన గుణం కూడా ఎంపిక వల్ల ఇంతగా పలచబడగలదని తెలిసినప్పుడు నాకు కొంత బాధ కలిగింది. సంక్రాంతికి మన డెల్టాలో బరిలోకి దింపే అసిల్ పుంజులు దీనికి రెండో ముఖం: అక్కడ ఎంపిక పౌరుషం కోసం జరిగింది.

ఫిబ్రవరి 15

మధ్యాహ్నం కరెంటు పోయి మూడు గంటల తర్వాత వచ్చింది. పెట్టెను బొంతలతో చుట్టి, వేడినీళ్లు పోసిన సీసాలు లోపల పెట్టినా ఉష్ణోగ్రత 33 డిగ్రీలకు పడిపోయింది. ఎన్ని గుడ్లు తట్టుకుంటాయో ఇప్పుడు చెప్పలేను.

ఫిబ్రవరి 19

పద్దెనిమిదో రోజు. తిప్పడం ఆపేశాను. రెండో నీళ్ల గిన్నె పెట్టాను.

ఫిబ్రవరి 21

ఈ రాత్రి జరిగినది వివరంగా రాయాలి. పదిన్నరకు పెట్టె మూత తీయగానే మూసి ఉన్న గుడ్డులోంచి సన్నటి కిచకిచ వినిపించింది. పెంకు మీద ఇంకా పగులు లేదు. మా అమ్మాయి పెట్టె మీదకు వంగి "అమ్మలూ" అని పిలిచింది, లోపలి కూత ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. పెట్ట కింద ఉన్న గుడ్ల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది. పిల్ల లోపలి నుంచి కూస్తే తల్లి పైనుంచి క్లుక్ క్లుక్ అని బదులిస్తుంది.

మనం పుట్టుకతో వచ్చినదని కొట్టిపారేసే చాలా విషయాలకు పుట్టకముందే అనుభవం ఉంటుందని నిరూపించిన శాస్త్రవేత్త గిల్బర్ట్ గాట్లీబ్. మల్లార్డ్ జాతి బాతుపిల్లలు తమ తల్లి కూతను మునుపెన్నడూ వినకపోయినా, పొదుగుపెట్టెలో పుట్టినా, తల్లి కూత వైపే నడుస్తాయి, కోడి కూత వైపు నడవవు. ఇది సహజాతమని గీత గీసి ఒక పక్కన రాసెయ్యవచ్చు. గాట్లీబ్ మాత్రం గుడ్డులో ఉండగానే పిల్లల గొంతు పలకకుండా చేసి, తోటి గుడ్ల కూతలు కూడా వినపడకుండా విడిగా ఉంచి చూశాడు. అలా పుట్టిన పిల్లలు తల్లి కూతకూ కోడి కూతకూ తేడా సరిగా పోల్చుకోలేకపోయాయి. అంటే గుడ్డులో తన కూత తాను వినడం కూడా ఆ వారసత్వంలో ఒక భాగమే. తల్లి కూతను గుర్తుపట్టే శక్తిని జన్యువు పూర్తిచేసి పంపదు. ఆరోగ్యంగా పెరిగే ఏ గుడ్డులోనైనా తప్పక దొరికే ఒక అనుభవాన్ని నమ్ముకుని సగంలో వదిలేస్తుంది, ఆ అనుభవం మిగతా సగాన్ని పూర్తిచేస్తుంది. నేను వెతుకుతున్న పొత్తు ఇదేనని ఈ రాత్రి పెట్టె పక్కన కూర్చుని అనిపించింది.

ఫిబ్రవరి 22

ఏడు పిల్లలు బయటికి వచ్చాయి. మూడు గుడ్లలోవి పెంకులోనే చనిపోయాయి, కరెంటు పోయిన రోజే కారణమని అనుకుంటున్నాను. కడుపులోకి పీల్చుకున్న పచ్చసొన రెండు రోజులకు సరిపోతుంది కాబట్టి మేత గురించి తొందర లేదు. ఆ రెండు రోజులే నాకు కావాలి.

రాత్రి మూడు పిల్లలను మామ్మగారి పెట్ట కిందకు చేర్చాం. అది అప్పటికి రెండు వారాలకు పైగా రెండు ఉత్తుత్తి గుడ్ల మీద కూర్చుని ఉంది. "పగలు పెడితే పొడుస్తుంది, చీకట్లో జరిపితే పొద్దున్నే తనవే అనుకుంటుంది" అని మామ్మగారు చెప్పారు, అలాగే జరిగింది. నాలుగు పిల్లలు మా దగ్గర ఉన్నాయి.

ఫిబ్రవరి 24

మా నాలుగు పిల్లలు మా అమ్మాయి కాళ్ల వెంట డాబా అంతా తిరుగుతున్నాయి. ఆమె ఆగితే ఆగుతాయి, మెట్లు దిగితే మొదటి మెట్టు మీద నిలబడి గగ్గోలు పెడతాయి. పుట్టగానే చూసినదాన్ని తల్లిగా గుర్తుంచుకుని దాని వెంట పడటాన్ని ముద్ర పడటం అంటారు. కొన్రాడ్ లోరెంజ్ 1935లో దీన్ని విస్తారంగా వర్ణించాడు, 1973లో నికో టిన్‌బెర్గెన్, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. అయితే అంతకు అరవై ఏళ్ల ముందే, 1873లో, డగ్లస్ స్పాల్డింగ్ ఇంగ్లండులో ఇదే గమనించి రాశాడు. నాలుగు రోజులు కళ్లకు ముసుగు వేసి ఉంచిన పిల్లలు ముసుగు తీయగానే మనిషి వెంట రాకుండా భయపడి పారిపోయాయని కూడా రాశాడు. మొక్కై వంగనిది మానై వంగదని గుంటూరులో అంటే, అక్కడ ఆయన రోజులు లెక్కపెట్టి చూపించాడు. మరుగున పడిపోయిన ఆ వ్యాసాన్ని 1954లో తిరిగి అచ్చు వేయించినది జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఆయనే మూడేళ్ల తర్వాత మన దేశానికి వచ్చి స్థిరపడి, భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

అయితే పిల్ల దేన్ని చూస్తే దాని వెంటే పడుతుందనడం సగమే నిజం. 1980లలో కేంబ్రిడ్జిలో గాబ్రియేల్ హార్న్ బృందం చేసిన ప్రయోగాల ప్రకారం, ఏ వస్తువునూ చూడకుండా పెరిగిన పిల్లలకు కూడా కోడి తల, మెడ లాంటి ఆకారం మీద మొగ్గు ఉంటుంది. మెదడు ముందుభాగంలో ఒక చిన్న ప్రాంతం దెబ్బతింటే నేర్చుకున్న ముద్ర పోతుంది, ఆ మొగ్గు మాత్రం మిగిలే ఉంటుంది. ముందు మొగ్గు పిల్ల చూపును సరైన వైపు తిప్పుతుంది, తర్వాత నేర్పు అక్కడ కనబడిన ఫలానా తల్లిని గుర్తుంచుకుంటుంది. అడవిలో ఆ వైపు కనబడేది ఎప్పుడూ తల్లే. మా డాబా మీద కనబడినది మా అమ్మాయి.

ఫిబ్రవరి 25 నుంచి 28 వరకు

ఈ నాలుగు రోజుల పని నాకు అన్నిటికంటే ఇష్టమైనది. వినాయక చవితి విగ్రహాలకు వాడే బంకమట్టిని తడిపి, పళ్లెంలో నున్నగా పరిచి, మధ్యలో ఇత్తడి మేకు తల మాత్రం పైకి కనబడేలా గుచ్చాను. పిల్ల ఆ మెరుపును చూసి పొడుస్తుంది. మేకు కదలదు కాబట్టి తప్పిన ప్రతి పోటూ మట్టిలో చిన్న గుంటగా మిగులుతుంది. మొదటి రోజు పళ్లెంలో గుంటలు మేకు చుట్టూ రూపాయి బిళ్ల కంటే పెద్ద మేరలో చెల్లాచెదురుగా ఉన్నాయి. నాలుగో రోజు పళ్లెంలో అవి నా చిటికెన వేలి గోరంత చోటులో, మేకును ఆనుకుని గుమికూడాయి. రెండు పళ్లేలను పక్కపక్కన ఎండబెట్టి దాచాను.

ఈ పళ్లెం ఆలోచన నాది కాదు, ఎక్‌హార్డ్ హెస్‌ది. ఆయన 1956లో ప్రచురించిన ప్రయోగంలో, అప్పుడే పుట్టిన పిల్లలకు చూపును ఏడు డిగ్రీలు పక్కకు జరిపే పట్టకపు కళ్లజోళ్లు తొడిగాడు. నాలుగు రోజులకు వాటి పోట్లు కూడా మా పిల్లల పోట్లలాగే దగ్గరకు చేరాయి, కానీ మేకు దగ్గర కాదు, మేకుకు పక్కన. అంటే సాధన వల్ల పోటులో నిలకడ వచ్చింది, దిశ మాత్రం మారలేదు. గింజ ఎక్కడ ఉందో కంటి నుంచి ముక్కుకు చెప్పే లెక్క కోడిపిల్లకు తయారుగా వస్తుంది, ఆ లెక్క తప్పైతే దిద్దుకునే వీలు దానికి లేదు. అదే మనిషి అలాంటి కళ్లజోడు పెట్టుకుంటే కొద్దిసేపటి చేతిపనిలోనే సర్దుకుంటాడు. పుట్టిన రోజే తన మేత తాను ఏరుకోవలసిన జీవికి తయారు లెక్క మేలు, ఏళ్ల తరబడి ఒడిలో పెరిగే జీవికి దిద్దుకోగల లెక్క మేలు.

ఒక జాగ్రత్త కూడా రాసుకోవాలి. నాలుగో రోజు గురి కుదిరినదంతా సాధన ఫలమేనని నా పళ్లేలు చెప్పవు. వెండెల్ క్రూజ్ 1935లో పిల్లలను చీకట్లో ఉంచి, చేత్తో మేత పెట్టి పెంచి, పొడిచే అవకాశమే లేకపోయినా వయసుతోపాటు గురి కొంత మెరుగవుతుందనీ, మిగతా మెరుగు సాధనతో వస్తుందనీ చూపించాడు. మెడ కండరాలు గట్టిపడటమూ మెరుగే.

మార్చి 3

నీలిపూసలు, ఎర్రపూసలు దారాలకు కట్టి చూపించాను. రెంటినీ నాలుగు పిల్లలూ ఆత్రంగా పొడిచాయి. తర్వాత నీలిపూసను చిక్కటి వేపాకు రసంలో ముంచి ఒక్కసారి మాత్రం అందించాను. పొడిచిన పిల్ల తల విదిలించి, ముక్కును నేలకు అటూ ఇటూ రాసుకుని, రెండడుగులు వెనక్కు వేసింది. గంట తర్వాత కడిగి ఆరబెట్టిన నీలిపూసను చూపిస్తే నాలుగింటిలో మూడు దగ్గరకే రాలేదు. ఎర్రపూసను మాత్రం ఎప్పటిలాగే పొడిచాయి. మా అమ్మాయికి లెక్కల్లో ఒక సూత్రం ఎక్కడానికి పదిసార్లు పడుతుంది, వీటికి ఒక్క పోటు సరిపోయింది.

రంగుకూ చేదుకూ ముడి ఇంత త్వరగా పడటానికి పక్షి కన్ను కూడా ఒక కారణమని అనుకుంటున్నాను. జాన్ గార్సియా 1966లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, కడుపులో వికారం కలిగించినప్పుడు ఎలుక తాగిన నీటి రుచినే తప్పుపట్టింది, అదే సమయంలో వెలిగిన దీపాన్నీ మోగిన శబ్దాన్నీ పట్టించుకోలేదు. కాలికి విద్యుత్తు తగిలించిన వేరే ఎలుకలు దీపాన్నీ శబ్దాన్నీ అనుమానించి, రుచిని వదిలేశాయి. 1971లో విల్‌కాక్సన్ బృందం బాబ్‌వైట్ అనే కౌజుపిట్టలకు నీలిరంగు పుల్లటి నీళ్లు తాగించి వికారం కలిగిస్తే, అవి తర్వాత రంగుకే ఎక్కువగా భయపడ్డాయి, ఎలుకలు పులుపుకే భయపడ్డాయి. చీకట్లో వాసన చూసి తినే జంతువు ఒక రకంగా, పగటి వెలుగులో చూసి ఏరుకునే పక్షి మరొక రకంగా నేర్చుకుంటాయి. దేనికైనా దేన్నైనా ముడిపెట్టి నేర్పవచ్చన్న పాత సిద్ధాంతానికి ఇది గట్టి దెబ్బ.

మార్చి 9

మిర్చి యార్డులో కొత్త పంట జోరుగా దిగుతోంది. గాలి మళ్లితే గోరంట్ల వరకూ ఘాటు వస్తుంది. ఆ ఘాటులోంచే ఈ వారం పని పుట్టింది.

కోడిపిల్లలకూ, మా మామిడిచెట్టు మీది ఉడుతకూ మూడు పళ్లేల్లో జొన్ననూకలు పోశాను. మొదటి దానిలో నూకలకు నూనె మాత్రం పట్టించాను, రెండో దానిలో నూనెతోపాటు మిఠాయిలో వేసే ఎర్రరంగు కలిపాను, మూడో దానిలో నూనె, తేజ మిర్చి కారం కలిపాను. రెండో పళ్లెం లేకపోతే, వద్దన్న జంతువు ఎరుపును వద్దన్నదో కారాన్ని వద్దన్నదో చెప్పలేం. ప్రతిరోజూ పళ్లేల చోటు మార్చాను, చోటును గుర్తుపెట్టుకోవడంలో ఉడుత ఎవరికీ తీసిపోదు కనుక. కోడిపిల్లలు మూడు పళ్లేలనూ తేడా లేకుండా ఖాళీ చేశాయి. కారం నూకలు తిన్న పిల్ల ముక్కు రాసుకోలేదు, నీళ్ల కోసం పరుగెత్తలేదు. మామిడిచెట్టు మీది ఉడుత మాత్రం మొదటి రోజు కారం పళ్లెం మీద ఒక గింజ రెండు చేతులా పట్టుకుని కొరికి, వదిలేసి, మూతిని ముంజేతులతో గబగబా తుడుచుకుంది. ఆ తర్వాతి రోజుల్లో పళ్లెం ఏ మూల ఉన్నా, దగ్గరకు వచ్చి వాసన చూసి పక్కదానికి వెళ్లిపోయింది. ఎర్రరంగు పళ్లెం దానికి అభ్యంతరం కాలేదు.

డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుగొన్న గ్రాహకం, అంటే నాడుల్లో వేడిని పసిగట్టే ప్రొటీను, క్షీరదాల్లో దాదాపు 43 డిగ్రీల వేడికి, అంటే మన మే నెల ఎండకు, మేల్కొంటుంది. మిరపలోని కాప్సైసిన్ అదే తలుపు తడుతుంది, అందుకే కారం మనకు మంటగా తోస్తుంది. 2002లో కోడిలోని ఇదే గ్రాహకాన్ని పరీక్షిస్తే అది వేడికి స్పందించింది, కాప్సైసిన్‌కు దాదాపు స్పందించలేదు. ఈ పరిశోధనలకు జూలియస్ 2021లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మిరప మొక్కకు దీనివల్ల ఏమిటి లాభం? 2001లో ట్యూక్స్‌బరీ, నభాన్ అమెరికాలోని ఎడారి మిరపల దగ్గర దీన్ని చూశారు. ఎలుక జాతులు కారం కాయలను ముట్టలేదు, పిట్టలు తిన్నాయి. కారం లేని మిరప గింజలను ఎలుకలకు పెడితే వాటి కడుపు దాటిన గింజల్లో ఒక్కటీ మొలకెత్తలేదు, పిట్ట కడుపు దాటినవి చక్కగా మొలిచాయి. గింజను నమిలి చంపే పళ్లు ఉన్నవాడికి మంట, మింగి దూరంగా విడిచిపెట్టే ముక్కు ఉన్నవాడికి విందు. రామచిలుకకు మిరపపండు ఎందుకంత ఇష్టమో చిన్నప్పటి నుంచి నన్ను వేధించిన ప్రశ్న, దానికి జవాబు ఇంత అందంగా ఉంటుందని ఊహించలేదు.

మార్చి 14

ఉడుతకూ మనకూ నోట్లో ఉన్నది ఒకే రకమైన గ్రాహకం అయినప్పుడు, గుంటూరు మనిషి గోంగూర పచ్చడిలోకి పండుమిర్చి కావాలని ఎందుకు అడుగుతాడు? మిరప మన దేశానికి పోర్చుగీసువారితో 16వ శతాబ్దంలో వచ్చింది. నాలుక స్వభావం మారడానికి ఐదు వందల ఏళ్లు ఎంతమాత్రం చాలవు, కాబట్టి ఇది పూర్తిగా నేర్చుకున్నదే అయివుండాలి.

మూడేళ్ల మా తమ్ముడి కొడుకు ఈ వారం మా ఇంట్లో ఉన్నాడు. వాడికి మా మరదలు కూరముక్కను నోట్లో పెట్టుకుని కారం చప్పరించి, ముద్దపప్పు నెయ్యి అన్నంలో కలిపి పెడుతుంది, చివర్లో ఆవకాయ ఊటను వేలి కొసతో ఒక్క చుక్క తాకిస్తుంది. వాడు "హా" అని నోరు తెరిచి, చుట్టూ ఉన్న మా ముఖాలు చూసి, మేమందరం నవ్వుతూ తింటున్నామని గమనించి, మళ్లీ నోరు చాపాడు. పాల్ రోజిన్, డెబోరా షిల్లర్ 1980లో మెక్సికో గ్రామంలో పిల్లల గురించి రాసినది సరిగ్గా ఇదే. బలవంతం లేకుండా, కొద్దికొద్దిగా, పెద్దల పక్కన కూర్చుని ఐదారేళ్లకు పిల్లలు తామే కారం అడుగుతారు. అదే ఊళ్లో ఏళ్ల తరబడి కారపు ఎంగిళ్లు తిన్న కుక్కలకూ పందులకూ కారం మీద ఇష్టం పుట్టలేదు. ప్రయోగశాల ఎలుకలకు అలవాటు చేయబోయిన రోజిన్ చాలావరకు విఫలమయ్యాడు. అయితే బెన్నెట్ గేలెఫ్ 1989లో, అప్పుడే కారపు మేత తిన్న తోటి ఎలుకతో గడపనిస్తే ఎలుకలు కూడా కారం వైపు మొగ్గుతాయని చూపించాడు. మంట మీద ఇష్టం మిరపకాయ నుంచి రాదు, తోటివాడి మూతి నుంచి వస్తుంది.

ఇక్కడ మామ్మగారి పెట్టను తలచుకోకుండా ఉండలేను. అది గింజను ముక్కుతో తీసి, వదిలి, మళ్లీ తీసి, టుక్ టుక్ అని తొందర తొందరగా పిలుస్తుంటే మూడు పిల్లలూ దాని ముక్కు కొనకే పరుగెత్తుతాయి. నికోల్, పోప్ 1996లో చేసిన ప్రయోగంలో, తాము చేదని తెలుసుకున్న రంగు మేతను పిల్లలు తింటున్నట్టు కనిపించినప్పుడు తల్లికోళ్లు కాలితో గీరడం, పొడవడం మరింత పెంచాయి. మా మరదలు వేలి కొస మీది చుక్కను కొలిచినట్టే పెట్ట కూడా పిల్ల తప్పును కొలుస్తుంది.

మార్చి 19

మా నాలుగు పిల్లలను ఈ రోజు మామ్మగారి పెరట్లోకి మార్చాం. పెట్ట మొదట వాటిని పొడిచి తరిమింది. సాయంత్రం అది టుక్ టుక్ అని పిలిచినప్పుడు దాని దగ్గర పెరిగిన మూడూ పరుగెత్తాయి. మావి నాలుగూ తినడం ఆపి, తలలెత్తి, ఆ కూత వైపు తిరిగి నిలబడ్డాయి, కానీ అడుగు వేయలేదు. గోడ ఇవతల మా అమ్మాయి స్టీలు గిన్నె మోగించగానే ఇటు వచ్చేశాయి.

మార్చి 23

ఈ నాలుగు రోజులూ పెట్ట పిలిచిన ప్రతిసారీ మా పిల్లలు ఏం చేశాయో మా అమ్మాయి పుస్తకంలో గీతలు గీసి లెక్కపెట్టింది. మూడో రోజు నుంచి అవి పెట్ట వైపు కాకుండా, పరుగెత్తే ఆ మూడు పిల్లల వెంట పరుగెత్తడం మొదలుపెట్టాయి. ఈ ఉదయం పెట్ట పిలుపుకు ఏడూ ఒకేసారి బయలుదేరాయి. అప్పుడే మా అమ్మాయి గిన్నె మోగించింది. వాటిలో ఒక్కటే, మెడ మీద నల్లమచ్చ ఉన్నది, సగం దూరంలో ఆగి వెనక్కి చూసి, మళ్లీ పెట్ట దగ్గరకే వెళ్లింది.